మూడో క్లిప్పు

"ముందు ఇంజిన్ ఆపండి. తాళం ఇలా ఇవ్వండి."

షెడ్డు ముందు ఆగిన పాత ఎర్ర కారులోంచి ఆమె ఇంకా పూర్తిగా దిగనైనా లేదు. చేయి చాపి నిలబడ్డ మెకానిక్‌ని ఎగాదిగా చూసింది.

"నమస్కారం పెట్టే అలవాటు ఈ షెడ్డులో లేదా?"

"పెట్రోల్ కారుతున్న బండికి నమస్కారం దూరం నుంచే పెడతామండీ. దిగండి."

దిగింది. అతను కారును ఒక్కడే తోసుకుంటూ వెల్డింగ్ జరిగే చోటికి దూరంగా, రేకుల పంచ కిందికి చేర్చాడు. మంటలార్పే సిలిండర్ తెచ్చి పక్కన పెట్టుకుని, టార్చి పట్టుకుని కిందికి దూరాడు. పెట్రోల్ పైపుకి నల్లటేపు, విరిగిన చేతికి కట్టు కట్టినట్టు చుట్టి ఉంది. జిగురంతా కరిగి కారుతోంది.

"ఈ కట్టు ఎవరు కట్టారండీ?"

"నేనే. ఆరు చుట్లు, లెక్కపెట్టి మరీ."

"అరవై చుట్టినా పెట్రోల్‌కి టేపు ఆగదు. ఇది ఒకప్పటి రేసు బండి, పైపులో ప్రెషర్ ఎక్కువ. దారిలో ఒక్క నిప్పురవ్వ తగిలుంటే ఏమయ్యేది?"

"నేను స్కూల్లో లెక్కలు చెప్తాను. బళ్లు బాగుచెయ్యడం తెలిస్తే మీచేత చివాట్లు తినడానికి ఇంతదూరం వస్తానా?"

అతను కారు కిందే ఉండి, కారుతున్న చోట ఓ డబ్బా పెట్టాడు.

ఇతనికి షెడ్డులో పేరు నిదానం. పెట్టింది షెడ్డు యజమాని, అతని సొంత మేనమామ. బోల్టు బిగిస్తాడు, మళ్లీ విప్పి చూస్తాడు, మళ్లీ బిగిస్తాడు. అలాంటివాడు ఓ ఆడపిల్ల మీద గొంతు పెంచాడంటే కారణం ఒక్క పెట్రోలే అనుకునేరు. ఏడాది కిందట ఇదే కారుని తీసుకెళ్లడానికి వాళ్ల నాన్నతో పాటు ఆమె వచ్చింది. పసుపుపచ్చ గొడుగు, జడ మీద రెండు చినుకులు. ఆమెకి ఇతను గుర్తే లేడు. ఇతనికి ఆ రెండు చినుకులూ గుర్తే. అప్పట్నుంచి రోడ్డు మీద ఎర్రకారు ఏది కనిపించినా తల తిప్పి చూడటమే పని. తీరా ఆ మనిషి కారుతున్న పెట్రోల్ మీద కూర్చుని మళ్లీ వస్తే కోపం రాదూ మరి?

"ఆదివారానికి అవుతుందా?" అని ఆమె వంగి అడిగింది.

"పైపు మొత్తం మార్చాలి. అవుతుంది. ఎక్కడికైనా ప్రయాణమా?"

"ప్రయాణం కారుకే. నాన్న అమ్మేస్తున్నారు." ఆమె గొంతు తగ్గింది. "పోయినవారం రివర్స్ చేస్తుంటే కింద ఏదో గీరుకుందట. మర్నాడు చూస్తే పెట్రోల్ మరక. రాయి కూడా కనపడని కళ్లతో నేనింక స్టీరింగ్ పట్టుకోనని భీష్మించుకున్నారు. కళ్లు బాగానే ఉన్నాయని డాక్టర్ చెప్పినా వినలేదు. కొండదారి రేసుల్లో తిరిగిన మనిషండీ. వారం నుంచి గడప దాటట్లేదు. ఈ కారు వెళ్లిపోతే ఇంక కుర్చీలోంచి లేవరని నా భయం."

నిదానం కారు కిందినుంచి బయటికొచ్చాడు. బల్ల దగ్గర వింటున్న మావయ్య అందుకున్నాడు.

"పైపు మావాడు చూసుకుంటాడమ్మా. కానీ మా షెడ్డులో ఒక రూలుంది. పెట్రోల్ పైపు మార్చినవాడు మొదటి రౌండు పక్కసీట్లో కూర్చోవాలి. మా నాన్న పెట్టాడు. తన ప్రాణం కూడా బండిలో ఉంటే బిగింపు దానంతటదే బాగుంటుందని."

"అంటే ఈయన్ని మా ఇంటిదాకా భరించాలా?"

"తప్పదమ్మా. ఎక్కువ మాట్లాడడులే."

మర్నాడు నిదానం బ్యాటరీ తీగ తీసి, పైపులో ప్రెషర్ వదిలించి, పాత పైపుని జాగ్రత్తగా విప్పాడు. వెలుగులో పెట్టి తిప్పి చూశాడు. చిల్లు గుండుసూది మొనంత ఉంది. కానీ అది పైపు పైభాగాన ఉంది.

రాయి తగిలితే కింద సొట్ట పడాలి. ఇది సొట్ట కాదు, అరుగుదల. పైపు కదిలి కదిలి పైనున్న ఇనుపపట్టీకి రాసుకుంది. కదలకుండా పట్టుకోవాల్సిన క్లిప్పులు మూడు. రెండున్నాయి. మూడోదాని చోటు ఖాళీ.

నిరుడు హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కోసం ఆ మూడు క్లిప్పులూ విప్పింది తనే. రెండు బిగించాడు. మూడోది చేతిలో ఉండగా గుమ్మంలో పసుపుపచ్చ గొడుగు కనిపించింది. అప్పుడే "అయిందా?" అని ఆమెతో వచ్చిన పెద్దాయన అడిగితే "అయిందండీ" అనేశాడు. మిగిలిపోయిన సామాన్లు పడేసే డబ్బా బల్ల మీద బోర్లించి వెతికాడు. అడుగున ఉంది, లోపల రబ్బరు పట్టీతో సహా, చిటికెన వేలి గోరంత క్లిప్పు.

మావయ్య అంతా విన్నాడు. క్లిప్పుని అరచేతిలో వేసుకుని చూశాడు.

"నాన్నగారి పొరపాటు కాదని ఆ అమ్మాయికి చెప్పాలి మావయ్యా. ఆ పెట్రోల్ మీద ఆవిడ మనదాకా వచ్చింది నావల్ల."

"చెప్తే ఆ పిల్ల మళ్లీ నీ మొహం చూస్తుందా?"

"చూడదేమో."

"షెడ్డు పేరు నాది, నోరు నీది. నువ్వే తేల్చుకో," అని మావయ్య లేచి, వెళ్తూ వెళ్తూ అన్నాడు. "ఏడాదిపాటు ఎర్రకార్లు లెక్కపెట్టావు కదరా. నాకు తెలీదనుకున్నావా?"

శనివారం ఆమె చూడటానికి వచ్చింది. కొత్త పైపు బిగించి, మూడు చోట్లా కొత్త క్లిప్పులు వేసి, ప్రతి అతుకు కిందా ఒక తెల్లకాగితం పరిచి ఉంచాడు. గంటసేపు మరక పడకపోతే పాసైనట్టు. బయట సన్నగా వాన. ఇద్దరూ పీటలేసుకుని కాగితాలకి కాపలా కూర్చున్నారు.

"పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంది," అంది ఆమె. "మీరు కాపీ కొట్టట్లేదు కదా?"

అతను నవ్వలేదు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు ఇంకొక్క గంట ఉండనిద్దామనుకున్నాడు. పిరికితనమే, ఒప్పుకోవాలి.

ఆదివారం పొద్దున ఆమె నడుపుతుంటే పక్కసీట్లో బిగుసుకుని కూర్చుని వాళ్లింటికి వెళ్లాడు. వరండాలో పెద్దాయన పడక్కుర్చీలో ఉన్నాడు. ఒళ్లో కారు కాగితాల కవరు. కొనేవాళ్లు పదింటికి వస్తారట. ఆయన కారు వైపు చూడకుండా తాళం కోసం చేయి చాపాడు.

ఆమె ఇవ్వబోయిన తాళాన్ని నిదానం అందుకున్నాడు, ఆ చేతిలో మాత్రం పెట్టలేదు. పాత పైపు ముక్క పెట్టాడు.

"వేలితో తడమండి సార్. చిల్లు ఏ పక్కనుంది?"

రేసుల్లో తిరిగిన చేయి కదా, ఒక్క క్షణంలో తెలిసిపోయింది. "పైన," అన్నాడు పెద్దాయన. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "రాయి పైనుంచి ఎలా తగుల్తుంది?"

"తగల్లేదు సార్. ఆ రోజు ఏ కొమ్మో గీరుకుని ఉంటుంది. మీ కళ్లకి ఏ లోటూ లేదు. తప్పు నాది." జేబులోంచి క్లిప్పు తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. "నిరుడు నేనే విప్పాను. బిగించకుండా అయిందని చెప్పాను. పైపు ఏడాదంతా రాసుకుని అరిగింది."

ఆమె మొహంలో నవ్వు పోయింది. "వారం రోజులు మా నాన్న అన్నం సరిగ్గా తినలేదు. తెలుసా మీకు? నిన్న నాతో గంటసేపు కూర్చున్నారు. ఒక్క మాట చెప్పలేదు."

"చెప్పాల్సింది. భయమేసింది."

పెద్దాయన క్లిప్పుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అబ్బాయ్, నిన్ను నిదానం అంటారట. అంత నిదానస్థుడివి, ఇది ఎలా మర్చిపోయావు?"

ఇక్కడ ఒక అబద్ధం చాలు, గండం గడుస్తుంది. వాన అనొచ్చు, కరెంటు పోయిందనొచ్చు. నిదానం తన చెప్పుల వైపు చూశాడు.

"ఆ రోజు మీతో మీ అమ్మాయిగారు వచ్చారు సార్. పసుపుపచ్చ గొడుగు. జడ మీద రెండు చినుకులున్నాయి. చూస్తూ ఉండిపోయాను. క్లిప్పు గుర్తులేదు. చినుకులు ఇంకా గుర్తున్నాయి."

ఆమె తండ్రి వైపు చూసింది, తర్వాత కొక్కేనికి వేలాడుతున్న పసుపుపచ్చ గొడుగు వైపు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

పెద్దాయన లేచాడు. వారం రోజులుగా లేవని మనిషి, కాగితాల కవరు కుర్చీలో పారేసి మరీ లేచాడు. క్లిప్పుని నిదానం చేతిలో తిరిగి పెట్టాడు.

"తాళమియ్యి. మీ షెడ్డు రూలు నాకూ తెలుసు. పక్కన కూర్చో."

ఎర్రకారు వీధి చివరిదాకా వెళ్లి, మలుపు తిరిగి, ఎక్కడో కూతపెట్టినట్టు గట్టిగా అరిచి, పావుగంటకి తిరిగొచ్చింది. గేటులోకి రివర్స్‌లో, ఒక్క రాయికీ తగలకుండా వచ్చింది. గేటు దగ్గర నిలబడ్డ ఆమె కళ్లు తుడుచుకుంది.

పెద్దాయన దిగి తాళం కూతురి చేతిలో పెట్టాడు. "కొనేవాళ్లకి ఫోన్ చేసి రావద్దని చెప్తాను. ఈలోగా నువ్వో రౌండు తిప్పుకురా. ఆ అబ్బాయి దిగాల్సిన పనిలేదు."

ఆమె ఎక్కి కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది, అతని వైపు మాత్రం చూడలేదు.

"నా కోపం పోలేదు."

"పోకూడదండీ."

"మూడూ బిగించారా?"

"నాలుగుసార్లు చూసుకున్నాను."

"ఇవాళ నేను గొడుగు తెచ్చుకోలేదు. అందుకని నమ్ముతాను," అంది. తర్వాత అరచేయి చాపింది. "ఆ పాత క్లిప్పు నాన్న మీకిచ్చేశారు కదా. ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. ఆమె దాన్ని తాళాల గుత్తికి తగిలించి ఇంజిన్ స్టార్ట్ చేసింది. అద్దం మీద చినుకులు మొదలయ్యాయి. ఈసారి అతను వాటిని లెక్కపెట్టకుండా, తీరిగ్గా ఆమె వైపే చూశాడు.