వెనుక నుంచి చూసిన మనిషి

కన్యక ఉప్మాను మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. ఈ మధ్య ఆ ఇంట్లో ఎవరూ పిలిచిన వేళకు తినడం లేదు. భర్త రామచందర్ హాల్లో అద్దం ముందు నిలబడి, మర్నాడు కోర్టులో చెప్పాల్సిన సాక్ష్యాన్ని వల్లె వేస్తున్నాడు.

"జడ్జి సాబ్, నేను నా రెండు కండ్లతోటి చూసిన. గల్లీల నుంచి దుబ్బయ్య బయటికొచ్చిండు. దుబ్బయ్యా అని పిలిచిన గూడ. తిరిగి చూడకుంట ఉరికిండు. తప్పు చేసినోడు తిరిగి చూస్తడా సాబ్?"

గొంతు నచ్చలేదేమో, ఒకసారి దగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు.

"కన్యకా! రేపు తెల్ల అంగీ ఏసుకోవాల్నా, గీ బిస్కెట్ రంగుదా?"

"కోర్టుకు పోతున్రా, పెండ్లికి పోతున్రా? ముందుగాల ఇది తినుండ్రి. నేను ఎన్నిమాట్ల ఏడి చెయ్యాలె?"

చలికాలంలో, మంచు కురిసిన ఒక తెల్లవారుజామున, పక్క గల్లీలో ఒంటరిగా ఉండే స్వరాజ్యాన్ని ఎవరో చంపి మెడలోని బంగారు గొలుసు తీసుకుపోయారు. స్వరాజ్యం రామచందర్‌కు వరసకు చిన్నమ్మ. చిన్నప్పుడు తల్లి జబ్బుపడితే అతనికి అన్నం పెట్టి బడికి పంపింది ఆమే. ఆ ఉదయం పాలకు వెళ్తూ రామచందర్ గల్లీ మొదట్లో ఒక మనిషిని చూశాడు. పొద్దెక్కి శవం బయటపడగానే, జనం మధ్య నిలబడి ఏడుస్తూ, "మన హమాలీ దుబ్బయ్య గిటునుంచే పోయిండు" అన్నాడు. అంతే, సాయంత్రానికి పోలీసులు దుబ్బయ్యను పట్టుకుపోయారు. కొన్నాళ్ళకు అతను నేరం ఒప్పుకున్నాడని చెప్పారు. గొలుసు మాత్రం దొరకలేదు.

ఇప్పుడు సిద్దిపేటలో ఏ చాయ్ బండి దగ్గర చూసినా ఒకటే మాట, దుబ్బయ్యను ఉరి తియ్యాలి. ఆ మాటను అందరికంటే గట్టిగా అంటున్నది రామచందరే.

గేటు చప్పుడైంది. బట్టల వర్తకుల సంఘం అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ చంకలో చుట్ట చుట్టిన ఫ్లెక్సీ పెట్టుకుని లోపలికి వచ్చాడు.

"వదినా, గీ ఫ్లెక్సీ జర చూడు. రేపు కోర్టు బయట కడుతున్నం."

హాల్లో పరిచేసరికి సోఫా పక్కకు జరపాల్సి వచ్చింది. 'హంతకుడిని ఉరి తీయాలి' అని ఎర్రటి అక్షరాలు. ఒకపక్క దండం పెడుతూ రాజేంద్రప్రసాద్. ఇంకోపక్క నిలువెత్తు రామచందర్, కింద 'ధైర్యశాలి' అని. కన్యక వంగి వెతికింది.

"స్వరాజ్యమత్త ఏది?"

"గదిగో వదినా, మూలకు ఉంది గద."

మూలన తపాలా బిళ్ళంత స్వరాజ్యం. ఆధార్ కార్డు నుంచి తీసిన బొమ్మ కాబోలు, కళ్ళు కూడా సరిగా లేవు.

"సచ్చింది ఆమెనా, మీరిద్దరా?" అంది కన్యక. రాజేంద్రప్రసాద్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. రేపు దుకాణాలన్నీ బంద్ పెట్టిస్తానని చెప్పి, ఫ్లెక్సీ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇదంతా గది గుమ్మంలో నిలబడి కూతురు రజిని చూస్తూనే ఉంది. ఆ ఇంట్లో డిగ్రీ దాటి చదివింది ఆమె ఒక్కతే. లా పూర్తి చేసి ఇక్కడి కోర్టులోనే ఒక సీనియర్ వకీలు దగ్గర పనిచేస్తోంది. దుబ్బయ్య తరఫున వాదించేది వేరే వకీలు. అయినా తండ్రి సాక్షి కాబట్టి, ఆ కేసు గురించి ఇంట్లో నోరెత్తనని మొదటి రోజే చెప్పేసింది.

"ఏందే, గట్ల చూస్తున్నవు? ఉరి ఏస్తే నీకేమన్న బాధనా?" రామచందర్ రెచ్చగొట్టాడు.

"బాపూ, నీ కేసు సంగతి నేను మాట్లాడ."

"ఉరి సంగతి మాట్లాడు. చదువుకున్నవు గద!"

రజిని బ్యాగు భుజానికి తగిలించుకుంది. "ఉరి వద్దన్నోళ్ళంత హంతకుల దిక్కు కాదు బాపూ. జైల్ల ఏసినోడు తప్పు చెయ్యలేదని పదేండ్లకు తెలిసినా తలుపు తీసి బయటికి పంపొచ్చు. ఉరి తీసినోన్ని ఏడికెళ్ళి తెస్తవు? గా మాట ఏ కేసుకైనా అంటా. ఇగ నన్ను అడగకు."

"చిన్నమ్మ ఎత్తుకొని పెంచిన పిల్లవు నువ్వు! సిగ్గులేదా గట్ల అననీకి?"

రజిని కళ్ళు ఎర్రబడ్డాయి. చెప్పులు వేసుకుని, ఉప్మా వైపు చూడకుండానే వెళ్ళిపోయింది.

"దేవుడా," అంది కన్యక గిన్నె దించుతూ. "ఒకరు మాట్లాడుడు మొదలువెడితే ఆగరు. ఇంకొకరు మాట్లాడనే మాట్లాడరు. నడుమల నా బతుకు ఆగమైతున్నది."

మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ పట్టుకుని కన్యక భర్త బట్టల దుకాణానికి వెళ్ళింది. అదీ రోజూ ఉండే పనే. ఇంటికి వచ్చి తినమంటే గిరాకీ పోతుందంటాడు, పంపిస్తే చల్లారిందంటాడు.

దుకాణం ముందు ఆటో ట్రాలీలోంచి బట్టల మూటలు దిగుతున్నాయి. రామచందర్ గల్లా దగ్గర కూర్చుని కేకలేస్తున్నాడు.

"మైసయ్యా! ఓ మైసయ్యా! గా మూట పైకి పొయ్యేది, గాడ ఏస్తున్నవేంది?"

ఇటు వీపు పెట్టి మూట మోస్తున్న మనిషి పలకలేదు. అతని ఒంటి మీద నీలిగళ్ళ చొక్కా, గళ్ళ మధ్య సన్నటి పసుపు గీత. పోయిన దసరాకు రామచందర్ ఇచ్చిన బట్టే అది. అతని తండ్రి నాటి నుంచీ ఆనవాయితీ, దసరాకు ఒక్క తాను తీసి వీధిలోని హమాలీలందరికీ అంగీ గుడ్డలు కోసి ఇస్తారు.

"చెవుడా ఏంది నీకు మైసయ్యా? పిలుస్తుంటే ఇనబడ్తలేదా?" రామచందర్ లేచి వెళ్ళి అతని భుజం మీద చేయి వేశాడు.

ఆ మనిషి తిరిగాడు. నూనూగు మీసాల కుర్రాడు.

"నేను మైసయ్యను కాను సేటు. ఆయన బామ్మర్దిని. బావకు జరమొచ్చింది, నన్ను పంపిండు. అంగీ గూడ ఆయనదే."

రామచందర్ పకపకా నవ్వాడు. "ఓరి నీ! ఒక్క తాన్ల బట్ట ఏసుకుంటే ఎనకనుంచి అందరు ఒక్క తీరుగనే ఉంటరుగదరా! పిలిస్తే పలుకకపోతే పొగరనుకున్న."

హమాలీలూ నవ్వారు. కన్యక నవ్వలేదు. క్యారియర్ బల్ల మీద పెట్టబోయిన చేయి మధ్యలోనే ఆగింది. పొద్దున అద్దం ముందు విన్న మాటలు చెవిలో మోగాయి. దుబ్బయ్యా అని పిలిచిన గూడ. తిరిగి చూడకుంట ఉరికిండు.

"గట్ల నిలబడ్డవేంది? పెట్టు. పప్పేనా మళ్ళ?" అన్నాడు రామచందర్.

ఆమె క్యారియర్ పెట్టి ఇంటికి వచ్చేసింది. దారిలో కూరగాయలు కొందామనుకున్న సంగతి కూడా మరిచిపోయింది.

సాయంత్రం అతను వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చునేదాకా ఆగింది. రజిని అప్పటికే వచ్చి తన గదిలో ఉంది.

"ఒక మాట అడుగుత, కోపం చెయ్యొద్దు. గా పొద్దుగాల మీరు దుబ్బయ్య మొఖం చూసిన్రా?"

"ఏం మొఖం?"

"దుబ్బయ్యకు ఉన్న మొఖం! ఎన్ని ఉంటయ్?"

రామచందర్ కనుబొమలు ముడిచాడు. "నా బట్ట నాకు తెల్వదా కన్యకా? పుట్టినప్పటికెళ్ళి బట్టలల్ల పెరిగిన. చీకట్ల చెయ్యి పెట్టినా ఏ తాన్లదో చెప్త. నేను కోసిచ్చిన అంగీ గది."

"నేను అంగీ సంగతి అడుగుతలేను. మొఖం."

"ఎనకనుంచి చూసిన. మంచు ఉండె. అయితేంది? పిలిచిన గద, ఆగలే!"

"గీ మద్యాన్నం మైసయ్య గూడ ఆగలేదు. ఎందుకంటే వాడు మైసయ్య కాదు. దుబ్బయ్య ఎన్నడన్న మీరు పిలిస్తే పలుకకుంట పోయిండా? మీరు పిలువకముందే సేటూ అనుకుంట ఉరికొచ్చేటోడు."

రామచందర్ గబుక్కున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "రజినీ! మీ అమ్మకు నువ్వు నేర్పినవా గీ లాయర్ ముచ్చట్లు?"

గది తలుపు తెరుచుకుంది. రజిని గుమ్మం దాటి రాలేదు. "నేను ఒక్క మాట గూడ అనలేదు బాపూ. అనొద్దు గూడ." అంత మాత్రం చెప్పి తలుపు వేసుకుంది.

"ఆ పిల్లను అనకుండ్రి. నేను నేర్చుకున్నది మీ దుకాణంల, మీ నోటితోనే," అంది కన్యక. "గా తాన్ల మిగిలిన బట్ట తక్కువ ధరకు అమ్మేసిన్రు గద? ఎవరికి అమ్మిన్రో గుర్తున్నదా?"

"పోలీసోళ్ళకు చెప్పిన! ఊరందరికి చెప్పిన! రేపు కోర్టుల నిలబడి, మొఖం చూడలేదు అంటే నా ఇజ్జత్ ఏంగావాలె? దుబ్బయ్య దిక్కు పైసలు తిన్నడంటరు!"

"అననీ."

"చిన్నమ్మకు నేనేం చెప్పాలె? నువ్వు గూడ ఆమెను ఇడిసిపెట్టినవు. తల్లీబిడ్డలు ఒక్కటై నన్ను దోషిని చేస్తున్రు."

ఆ మాటకు కన్యకలో ఇన్నాళ్ళూ అణచుకున్నదంతా పొంగింది.

"నేను ఇడిసిపెట్టిన్నా? శవానికి నీళ్ళు పోసింది ఎవరు? మెడ మీద గొలుసు గుంజిన గీత కడిగింది ఎవరు? నేను! మీరు బయట మైకుల మాట్లాడుకుంట ఉంటిరి. సంపినోడు దొరకాలని నాకు లేదా? దుబ్బయ్య కాకపోతే అసలోడు ఎవడు? రేపు మీ దుకాణానికే వస్తడు. బిడ్డ పెండ్లికి బట్టలు కావాలె సేటూ అంటడు. మీరు గజం బద్ద పట్టి కొలిచి ఇస్తరు, చాయ్ గూడ తాపుతరు!"

రామచందర్ బయటికి పోబోతే, కన్యక అతని ముందుకు వచ్చింది.

"దుకాణంల బోర్డు పెట్టిన్రు గద, కోసిన బట్ట వాపస్ తీసుకోబడదని? ఉరి గూడ గంతే. మీరు చూసి ఉంటే చూసిన అని చెప్పుండ్రి, నేను అడ్డం రాను. చూడంది చూసిన అంటే మాత్రం, గా తాడు కొస మీ చేతుల ఉన్నట్టే. గంతే నాకు తెలిసింది."

అతను పడిపోయిన కుర్చీ లేవనెత్తి గోడకు ఆనించాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఎవరినీ తినమని అడగలేదు.

మర్నాడు కోర్టు గేటు దగ్గర నినాదాలు వినిపిస్తున్నాయి. కన్యక హాల్లో చివరి బెంచీ మీద కూర్చుంది. రజిని బయటే ఆగిపోయింది. నిందితుల వైపు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అందరూ వీపులు ఇటు పెట్టి ఉన్నారు, వాళ్ళలో దుబ్బయ్య ఎవరో కన్యక పోల్చుకోలేకపోయింది. పేరు పిలిచాక ఒక చిక్కిపోయిన మనిషి వెంటనే తిరిగి చేతులు జోడించాడు. రామచందర్ ఆ మొహం వైపు చూస్తూ ఉండిపోయాడు.

సర్కారు వకీలు అడిగాడు, "ఆ రోజు ఉదయం గల్లీలోంచి వచ్చిన వ్యక్తి ఈ ముద్దాయేనా?"

రామచందర్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"నేను... నేను అంగీని చూసిన సాబ్. నేనిచ్చిన బట్ట అంగీ. మొఖం చూడలేదు."

"పోలీసులకు దుబ్బయ్యను చూశానని చెప్పారు కదా?"

"అంగీ చూసి దుబ్బయ్య అనుకున్న. పిలిస్తే పలుకలే. పలుకకపోతే తప్పు చేసినోడే అనుకున్న. గా బట్ట వీధిల హమాలీలందరికి ఇచ్చిన సాబ్. మిగిలింది అమ్మిన. ఎవరెవరికో గుర్తులేదు."

సర్కారు వకీలు కోపంగా, సాక్షి ఎదురుతిరిగాడని జడ్జికి చెప్పాడు. ఆ తర్వాత గుచ్చిగుచ్చి అడిగిన ప్రశ్నలన్నిటికీ రామచందర్ దగ్గర ఒకటే జవాబు, మొఖం చూడలేదు. దుబ్బయ్య బోను కమ్మీ పట్టుకుని తల వంచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

బయటికి వస్తుంటే రాజేంద్రప్రసాద్ మొహం తిప్పుకున్నాడు. ఎవరో, "ఎంతకు అమ్ముడుపోయినవ్ సేటూ?" అని అరిచారు. కన్యక ఆగి ఆ అరిచినవాడి వైపు తిరిగింది. "నీ బిడ్డనో కొడుకునో గిట్లనే ఎనకనుంచి చూసి పట్టుకపోతే తెలుస్తది నీకు" అంది. రామచందర్ ఆమె మోచేయి పట్టుకుని ఆటో ఎక్కించాడు.

ఇంటికి వచ్చాక అతను మంచం అంచున కూర్చున్నాడు. చిన్నపిల్లాడిలా అడిగాడు.

"మరి చిన్నమ్మను ఎవరు సంపిన్రే కన్యకా?"

ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"దుబ్బయ్య అనుకున్నన్ని రోజులు జర నయమనిపించింది. ఒకన్ని తిట్టుకుంట ఉంటే ఏడుపు రాలే. ఇప్పుడు మళ్ళ గా పొద్దే మొదలైనట్టున్నది." అంటూనే మొహం చేతుల్లో దాచుకున్నాడు. చిన్నమ్మ కోసం, ఎవరి మీదా కోపం కలవకుండా, అతను ఏడవడం కన్యక అదే మొదటిసారి చూసింది. ఆమె కూడా ఆపుకోలేకపోయింది.

రజిని వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కింద కూర్చుంది.

"దుబ్బయ్యను ఇడుస్తరా బిడ్డా?"

"తెల్వదు బాపూ. ఇంక సాక్షులున్నరు. జడ్జి చూడాలె."

రామచందర్ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "చిన్నమ్మ కేసు మొదటికెళ్ళి మళ్ళ చూడుమని దరఖాస్తు ఇస్త. పెద్ద పోలీసులకు, ఇంకెవరికి ఇయ్యాల్నో వాళ్ళకు. నా సాక్ష్యం అయిపోయింది గద, ఇప్పుడు నువ్వు రాసిపెట్టొచ్చా?"

"కేసు ఇంక నడుస్తున్నది, నేను రాయొద్దు బాపూ. నువ్వు చెప్పు, అమ్మ రాస్తది."

కన్యక కళ్ళద్దాలు తుడుచుకుని కాగితం, పెన్ను తెచ్చుకుంది. ఏడో తరగతితో ఆగిన చదువు, అక్షరాలు పెద్దపెద్దగా వస్తాయి. పైన స్వరాజ్యం పేరు రాసి ఆగింది.

"ఏమని రాయాలె?"

రామచందర్ కిటికీలోంచి పక్క గల్లీ వైపు చూశాడు.

"నేను చూసిందే రాయి," అన్నాడు. "చూడంది ఒక్క ముక్క గూడ రాయకు."