పుర్రెలో మొలిచిన పన్ను

పొలాల అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

పోచారం అడవి మీద కారుమేఘాలు కమ్ముకుని పట్టపగలే చిమ్మచీకటి చేశాయి. ఉరుము మీద ఉరుము! ఎండు మద్ది కొమ్మ మీద గుడ్లగూబ ఒకటి వేళాపాళా లేకుండా కూస్తోంది. భూతప్రేతాలు అర్ధరాత్రే తిరుగుతాయని ఎవరన్నారో గానీ, వాళ్ళకు మిట్టమధ్యాహ్నం సంగతి తెలియదు. నీడ కూడా కాళ్ళ కిందికి ముడుచుకుపోయే ఆ ఘడియలో మనిషికి తోడుండేదెవరు?

ఆ ఘోరాంధకారంలో రాళ్ళబాట మీద ఎడ్లబండి ఒకటి ఊగుతూ పోతోంది. బండిలో గోనెపట్టా మీద గంగామణి పడుకుని ఉంది. మూడు రోజులైంది ఆమె దవడలు బిగుసుకుపోయి. పన్ను మీద పన్ను పడి కరుచుకుపోయింది... గంజి చుక్క దిగదు, మాట పెగలదు. బండి తోలుతున్నది ఆమె ఒక్కగానొక్క తమ్ముడు దేవన్న.

ఆ రోజు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, బూరెలు తినిపించే పండుగ. ఊళ్ళో ఎవ్వడూ ఎడ్ల మెడ మీద కాడి పెట్టడు. పెడితే కీడని భయం. ‘నాకోసం ఆ భయం గూడ మరిచిండు నా తమ్ముడు’ అనుకుంటూ గంగామణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిచ్చి తల్లి! ఆమెకేం తెలుసు?

అసలు సంగతి ఇదీ. రెండు నెలల కింద కాలువ తూము కాడ నీళ్ళ తగాదాలో ఆ ఊరి దొర గంగామణి పెనిమిటి మల్లన్నను గొడ్డలి తిరగేసి నడినెత్తిన కొట్టి చంపాడు. జొన్నచేన్లోంచి ఆ ఘాతుకాన్ని కళ్ళారా చూసిన మనిషి గంగామణి ఒక్కతే. రేపు ఎల్లారెడ్డి కచేరీలో మున్సబు ముందర ఆమె సాక్ష్యం. ఆమె నోరు తెరిస్తే దొర మెడకు ఉరితాడు! బెదిరించడానికి వచ్చిన దొర మనుషులకు ఆమె వాకిట్లో నిలబడి ఒకటే మాట చెప్పింది. "నా నోట్లె నాలుక ఆడినన్ని రోజులు చెప్త. మీరు చేసేదేందో చేసుకోండ్రి!"

ఆ తర్వాత నాలుగో రోజు ఆమెకు ఎడమ దిక్కు కింది దంతం సలపరించింది. దేవన్నే పట్టకారు తెచ్చి పీకాడు. నెత్తుటి పన్నును ఆకులో చుట్టుకుని, "ఇంటి మీద పారేస్త అక్కా" అంటూ బయటికి పోయాడు. పుండు మానింది. మానిన రెండు రోజులకు... మళ్ళీ నొప్పి! పక్క పన్నులో కాదు, చిగుళ్ళలో కాదు... పీకేసిన పన్నులో! ఎర్రగా కాల్చిన దబ్బనాన్ని ఎవరో ఆ పన్ను వేరులోకి దింపుతున్నట్టు ఒకటే పోటు! లేని పన్ను ఎట్లా నొస్తుంది? నాలుక సగం మొద్దుబారింది. కణత దగ్గర నరం దడదడ కొట్టుకుంది. తెల్లారేసరికి దవడలు రెండూ తాళం పడ్డాయి.

కామారెడ్డి దవఖానకు తీసుకపొమ్మని ఊళ్ళో పది మంది చెప్పారు. దేవన్న వినలేదు. "గిది దవఖాన రోగం గాదు. పోచారం అడివిల బాలయ్య ఉన్నడు, ఆయనే ఇప్పుతడు" అన్నాడు.

పుర్రె బాలయ్య! ఆ పేరు చెబితే పోరగాండ్లు ఏడుపు మానేసేవారు. పట్నంలో డాక్టరు చదువు చెప్పే ఒకానొక చోట, పీనుగులు కోసే గదిలో పన్నెండేళ్ళు నౌకరీ చేసి వచ్చిన మనిషి. డాక్టర్లకు మంత్రం రాదు, మంత్రగాళ్ళకు మనిషి లోపల ఏముందో తెలియదు. వాడికి రెండూ తెలుసు! అదీ వాడి బలం, అదీ వాడి పొగరు.

బండి ఆగింది. దేవన్న అక్కను దించి లోపలికి తెచ్చి కూర్చోబెట్టాడు. పాడుబడ్డ రాతికట్టడం... పైకప్పు సగం కూలిపోయింది. నేల మీద బొగ్గుతో వేసిన ముగ్గు, కోసిన నిమ్మకాయలు, నల్లకోడి నెత్తురు నిండిన ముంత. నడుమ ఎత్తుపీట మీద... కపాలం! కింది దవడతో సహా తీగలతో బిగించిన, పొగచూరిన కపాలం!

ఆ కపాలం నిండా దారాలు. తెల్లవి, ఎర్రవి. గంగామణి కూర్చున్న చోటే వెనక్కి జరిగింది.

"అట్ల భయపడ్తవేందే?" బాలయ్య నవ్వాడు. "మొఖమంటె అందరు పైకి కనపడే తోలే అనుకుంటరు. అసలు మొఖం లోపటుంది. గీ చెంప బొక్క కింద, దవడ బొక్క ఎనుక, ఒక లోతు గుంత ఉంటది. నెత్తిలకెల్లి పెద్ద నరం గీ కోడిగుడ్డు లెక్కనున్న బెజ్జం నుంచి ఆ గుంతలకు దిగుతది. ఒక కొమ్మ నాలుకకు... ఒక కొమ్మ దవడ లోపటికి దూరి కింది పండ్లకు... తక్కినయి నమిలే కండలకు. గవే తెల్ల దారాలు. ఎర్ర దారమంటవా? మెడలకెల్లి ఎక్కొచ్చే నెత్తురు తొవ్వ. పండ్లకు, అంగిట్లకు, ముక్కు లోపటికి... గీ సన్న బెజ్జం నుంచి పుర్రె లోపటికి గూడ. ఏ పోగు గుంజితె ఏడ పట్టేస్తదో నాకెరుక!"

వాడొక తెల్ల దారాన్ని చిటికెన వేలితో మీటాడు. గంగామణి నాలుక మీద నిప్పు పడ్డట్టయింది! బిగిసిన పళ్ళ వెనకాల అరుపు అరుపుగానే చచ్చిపోయింది. మెలికలు తిరుగుతూ ఆమె కపాలం కేసి చూసింది... అప్పుడు కనపడింది.

గోధుమ రంగు తిరిగిన పాత పళ్ళ వరసలో, ఎడమ దిక్కున, ఒక్క పన్ను మాత్రం తెల్లగా, పచ్చిగా, వేరు చుట్టూ నెత్తుటి తడితో నిలబడి ఉంది. దాని మూల చిన్న పెచ్చు ఊడి ఉంది. రొట్టెలో రాయి తగిలి ఊడిన పెచ్చు... తన పన్ను!

ఆకులో చుట్టుకుని పోయిందెవరు? ఇంటి మీద పారేస్తానన్నదెవరు? మెల్లగా తల తిప్పింది. దేవన్న ముల్లుగర్ర పట్టుకుని, తల దించుకుని నిలబడి ఉన్నాడు.

"అక్కా... గట్ల సూడకు," అన్నాడు. "నీ పానానికేం గాదన్నడు దొర. రేపొక్కరోజు నీ నోరు లేవకుంటె సాలన్నడు. కాలువ కింద రెండెకరాలు నా పేర రాస్త అన్నడు. బావ ఎట్లయినా పాయె గద అక్కా..."

ఓరి దేవుడా! ఈ దవడలతోనే కదా వాణ్ణి సాకింది! కన్నతల్లి చచ్చిపోయిన నాటికి వాడికి పళ్ళే రాలేదు. పన్నెండేళ్ళ పిల్ల తను... అన్నం నమిలి, మెత్తగా చేసి వాడి నోట్లో పెట్టింది. మొగడు పోయినా తమ్ముడున్నాడనుకుని బతికింది. దొర కొట్టిన గొడ్డలి దెబ్బ మల్లన్నకు తగిలింది. ఈ దెబ్బ మాత్రం సూటిగా తనకే తగిలింది. తిట్టడానికైనా నోరు లేదు. ఏడుద్దామన్నా గొంతు లేదు. అంతకన్నా ఘోరం ఇంకేముంటుంది!

బాలయ్య పడీపడీ నవ్వాడు. "ఒక్కరోజా? పిచ్చోడా! ఎల్లుండి నోరిప్పితె దొర గతి ఏంగాను? నాకు చెప్పింది వేరే. ఎర్ర పోగు తెంపాలె. లోపట్నే నెత్తురు చిమ్మి, రేపు పొద్దుగాల మున్సబు ముందర కూలవడి సావాలె!"

"గట్ల అనలేదు గద...!" దేవన్న ఒక అడుగు ముందుకు వేశాడు. బొగ్గు ముగ్గు కాలికి తగిలేసరికి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. అంతే! అక్క ప్రాణం పోతుందని తెలిసీ, ఆ ముగ్గు దాటే దమ్ము వాడికి లేకపోయింది.

"హ్రీం... క్రోం... జిహ్వాం బంధయ! ముఖం బంధయ!" బాలయ్య గొంతు గుహలో పులి గొంతులా మారుమోగింది. మెరుపులు... ఫెళఫెళార్భాటం... వాడు ఒక్కొక్క దారమే బిగించుకుంటూ వచ్చాడు. కణత పగిలినట్టయింది. చెవిలో సలసలమని నెత్తురు మరిగింది. గంగామణి కళ్ళు తేలేసింది.

సరిగ్గా అప్పుడు... నొప్పి వస్తున్న తోవలోనే, నొప్పి కానిదేదో రాసాగింది!

చల్లగా... దుఃఖంగా... ఒక ఆడమనిషి! కపాలంలోంచి పన్నులోకి, పన్నులోంచి దవడలోకి, లోతు గుంతలోకి, పైకి... గంగామణి కళ్ళ వెనకాల ఒక గది మెదిలింది. రాతిబల్ల. గ్యాసు దీపం. బల్ల మీద జ్వరంతో చచ్చిపోయిన జుక్కల్ దిక్కు పడుచు, రుక్మాబాయి. పక్కన కత్తి పట్టుకుని నిలబడ్డవాడు ఆమె మొగుడు బాలయ్య! ప్రాణం పోయే ముందు ఆమె అడిగిందొకటే... మా ఊరికి తీసుకపోయి, మా వాగు ఒడ్డున కాల్చమని. సరేనని ఆమె చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. ఆ సాయంత్రమే ఆమెను బల్ల మీద పరిచి, చెంప చీరి, ఏ నరం ఎటు పోతుందో ఆ ముఖం మీదే నేర్చుకున్నాడు!

పదేళ్ళుగా ఆ కపాలానికి మాట లేదు. సజీవమైన నరం ఒక్కటి కూడా లేదు. బతికినదాని నోరు మూయడానికి వాడు దానికొక బతికిన పన్ను పెట్టాడు. దుర్మార్గుడు తన చేతులతో తానే చచ్చినదానికి నోరిచ్చాడు!

గంగామణి దవడలు టక్కుమన్నాయి. మూడు రోజుల తాళం ఊడింది.

"అహో...!"

బాలయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. జుక్కల్ దిక్కు మరాఠీ ఇళ్ళలో ఆలి మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు, అట్లా పిలుస్తుంది. గంగామణికి మరాఠీ ఒక్క ముక్క రాదు!

"ఘరీ నేతో మ్హణాలా హోతాత్ నా...?" ఇంటికి తీసుకపోతానన్నారు కదా అని అడిగిందా గొంతు, ఎంతో మర్యాదగా.

"రుక్మా...?" వాడి ముఖాన నెత్తురు చుక్క లేదు. "వద్దు... నువ్వు సచ్చినవ్! నువ్వు సచ్చినవ్!" ఎర్ర దారం తెంపేస్తే సరిపోతుందనుకున్నాడు. పోగు అందుకోవడానికి కపాలం పళ్ళ నడుమ వేళ్ళు దూర్చి, దవడ వెనక గుంత దాకా పోనిచ్చాడు.

టక్!

కింది దవడ మూసుకుంది. ఆ తెల్లని పన్ను ఎముక దాకా దిగింది. "విడువ్... విడువే...!" గావుకేక! తెల్ల దారాలు, ఎర్ర దారాలు కపాలం బెజ్జాల్లోంచి వాటంతటవే జారి, వాడి మోచేయి మీదుగా, మెడ మీదుగా పాకి, ముక్కుపుటాల్లోకి, చెవుల్లోకి, నోట్లోకి దూరాయి! వాడి చెంపలు ఉబ్బాయి. వాడు పేరు పేరునా ఎరిగిన నరాలన్నీ ఒక్కసారి బిగిశాయి. నాలుక పళ్ళ నడుమ తెగి కింద పడింది. దవడలు తాళం పడి కేక లోపలే చిక్కుకుంది. ఎర్ర తొవ్వ ఎక్కడెక్కడికి పోతుందని వాడు చెప్పాడో అక్కడక్కడల్లా నెత్తురు చిమ్మింది... ముక్కున, అంగిట్లో, పుర్రె లోపల! వాడు కొట్టుకుని కొట్టుకుని ముగ్గులోనే విరుచుకుపడి చచ్చాడు.

వాన కుండపోతగా దిగింది.

గంగామణి లేచింది. తూలుతూ పోయి కపాలాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కొంగులో మూట కట్టుకుంది. దేవన్న బురదలో పడి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. "అక్కా, తప్పయింది! బండెక్కు, ఇంటికి పోదాం. నన్ను నాలుగు తన్నక్కా... ఏమన్న అనక్కా!"

ఇప్పుడు ఆమెకు నోరుంది. అయినా ఏమీ అనలేదు. కాళ్ళు విడిపించుకుని ఎల్లారెడ్డి బాట పట్టింది. రాత్రంతా నడిచింది.

మర్నాడు కచేరీలో దొర కుర్చీలో కూర్చుని తాపీగా పాన్ నములుతున్నాడు. గంగామణి బోనెక్కి నోరు తెరవగానే పాన్ వాడి పట్టు ధోవతి మీద జారింది. తూము కాడ చూసిందంతా, గొడ్డలి ఎట్లా లేచిందో, మల్లన్న ఏ పక్కకు ఒరిగాడో, పొల్లుపోకుండా చెప్పింది. గుమాస్తా ఉర్దూలో రాసుకున్నాడు. జవాన్లు పోయి దొర కుర్చీకి చెరో పక్కన నిలబడ్డారు. ఇక జుక్కల్ దాకా పోయి, వాగు ఒడ్డున చెయ్యాల్సిన పనొకటి ఆమెకు మిగిలింది.

మున్సబు కళ్ళద్దాలు తీసి జాలిగా అడిగాడు. "దొరకు ఎదురు చెప్పినవ్. రేపు నీకేమన్న అయితె చూసుకోను ఎవరున్నరమ్మా? అన్నదమ్ములున్నరా?"

తలుపు దగ్గర తడి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దేవన్న నిలబడి ఉన్నాడు. గంగామణి వాణ్ణి చూసింది. నిదానంగా చూసింది.

"ఒక్క తమ్ముడుండె సాబ్. నేనే సాది పెద్ద చేసిన," అంది. "సచ్చిపోయిండు."

గుమాస్తా కలం ఆపి, మెల్లగా అన్నాడు. "కండ్లు తుడుసుకో అమ్మా."

ఆమె ఎడమ చెంపకు నిన్నటి నుంచి స్పర్శ లేదు. చెయ్యి పెట్టి చూసుకుంటే గానీ, ఏడుస్తున్నానని ఆమెకు తెలియలేదు.