రాళ్లగుడిల సుత్తె చప్పుడు

అశోక్ నగర్ నాలా పక్కన ఒక సందు ఉన్నది. పొద్దుమునిగినంక అందులకెళ్లి ఎవ్వరు నడువరు. గ్రూప్స్ పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలు సుత చిక్కడపల్లి మీదికెళ్లి చుట్టు తిరిగి వస్తరు గని, ఆ దారి తొక్కరు.

సందు కొసకు రాళ్లగుడి ఉన్నది. నాలుగు బెంచీలు పట్టేంత చర్చి. పూజలు ఆగిపోయి ఇరవై ఏండ్లయింది. ఏడాది సంది చీకటి పడితే చాలు... లోపల చప్పుడు. టక్... టక్... రాతి మీద సుత్తె దెబ్బ.

గుడి కట్టేటప్పుడు బండ మీదపడి ఒక కూలి చచ్చిపోయిండట. పని మధ్యల ఆగిందని ఇంకా రాళ్లు కొడుతనే ఉన్నడట... అట్లని ఎన్నో ఏండ్ల సంది చెప్పుకుంటరు, చప్పుడు మొదలైనంక అందరు నమ్మిన్రు.

ఆ కూలి పేరు దాసయ్య. ప్రేమకు సొంత తాత.

ఈస్టర్ ముందటి గురువారం సాయంత్రం నారాయణగూడ, చిక్కడపల్లి కుటుంబాలు పిల్లాజెల్లతోటి పాత చర్చీలన్ని నడిచి దర్శనం చేసుకుంటరు. ప్రతి చర్చి కాడ ఒక ప్రార్థన, ఒక పాట, పిల్లలకు ఆ చర్చి ముచ్చట. ముందు నడిచేది విద్యాసాగర్, రిటైరైన లెక్చరర్. రాళ్లగుడి కాడ సుత ఆగాలని ప్రేమ మూడేండ్ల సంది అడుగుతున్నది. ఆగితే, గుడి కట్టిన మనిషి పేరు నలుగురు పిల్లల చెవుల పడుతదని ఆమె ఆశ.

ఈసారి కూడ సందు మొగదల రాంగనే విద్యాసాగర్ తల తిప్పుకొని ముందుకు పోయిండు. ప్రేమ ఆగిపోయింది.

"అన్నా, ఐదు నిమిషాలే గద."

ఆయన గొంతు తగ్గించిండు. "చిన్నపిల్లలున్నరు చెల్లె. ఆ చప్పుడు వింటే జడుసుకుంటరు."

"మా తాత పిల్లలను పీక్కతింటడా?"

"నేనంటలేను. అందరు అనుకునేదే చెప్తున్న."

ప్రేమకు ఒళ్లు మండిపోయింది. గంట ముందు, నడక మొదలువెట్టేటప్పుడు, సమాధుల తోటల తాత సమాధి మీద వీళ్లే పూలు పెట్టి ప్రార్థన చేసిరి. అవే నోళ్లతోటి దెయ్యమంటున్నరు.

"నేను పోయి చూసొస్త. లోపల ఏమీ లేదంటే వస్తరా?"

విద్యాసాగర్ వెనకున్న పిల్లల దిక్కు చూసిండు. "లేదని నువ్వు చెప్తే వస్తం."

ఆమె ఒక్కతే సందులకు పోయింది.

నిండు వెన్నెల. అయినా గోడల నడుమ చీకటే... నాలా వాసన. వెనక పిల్లల పాట సన్నగై, సన్నగై... ఆగిపోయింది.

టక్.

ప్రేమ నిలబడ్డది. చప్పుడు ఆగింది.

ఒక అడుగేసింది. టక్. ఇంకో అడుగు... టక్.

లోపలున్నదేదో ఆమె అడుగులనే వింటున్నది... మర్లిపోదామనుకున్నది. మర్లితే తాత ఎప్పటికీ దెయ్యమే. ఆ కోపమే ఆమెను ముందుకు నూకింది.

ముందు తలుపుకు తుప్పు పట్టిన తాళం. వెనకకు పోయింది. తలుపు ఓరగా ఉన్నది.

"తాతా..." అన్నది. "నువ్వేనా?"

ఎవరిదో శ్వాస మాత్రం వినవడుతున్నది.

తలుపు తోసి ఫోన్ లైటు కొట్టింది.

మూలకు ఒక ఆడమనిషి కూసున్నది. యాభై ఏండ్లుంటయి. రెండు చేతులతో సుత్తె ఎత్తి పట్టుకున్నది. పక్కన బొంత, సిమెంటు మరకల చీర, ఒక గిన్నె.

"దగ్గరికి రాకు," అన్నది.

"ఎవరు నువ్వు?"

"నర్సింహమ్మ. పాలమూరు. ఇక్కడ బిల్డింగుల కాడ కూలిపని." ఆడగొంతు విని సుత్తె కొద్దిగ దించింది.

"నువ్వేనా కొట్టేది? ఎందుకు? ఊరంతా మా తాతను దెయ్యమంటున్నరు, ఎరుకనా నీకు?"

నర్సింహమ్మ సుత్తె కింద పెట్టింది.

"ముందుగాల సైటు మీదనే పండుకుంటుంటి తల్లీ. మేస్త్రి రాత్రిపూట వస్తుండె. ఒంటరి ఆడిదానికి కిరాయికి అర్ర ఎవ్వరియ్యలే. ఇక్కడ దెయ్యం ఉన్నదని చాయ్ బండి కాడ విన్న. ఆ రోజు సంది ఎవరి అడుగు వినవడ్డా రాయి మీద ఒకటి కొడుత. ఒక్క మగోడు ఇటు రాలే." ఆగి మెల్లగ అన్నది, "మీ తాత మంచోడు. ఏడాది సంది నన్ను కాపాడుతున్నడు."

సుత్తె పట్టి కాసిన కాయలు ఆ చేతుల నిండ ఉన్నయి. కోపం పోలేదు. ఇంకా పెరిగింది. దెయ్యం తోడుంటే తప్ప ఒక ఆడమనిషి నిమ్మలంగ నిద్రపోయేటట్టు లేదు ఈ పట్నంల.

"మా ఇంటికి రా," అన్నది.

"ఎన్ని రోజులకు తల్లీ? నాలుగు రోజులైనంక ఎప్పుడు పోతవని మర్యాదగ అడిగితే నేను తట్టుకోలేను. ఇక్కడ ఉండనిస్తే చాలు. ఎవ్వరికి చెప్పకు."

చెప్తే ఏమైతదో ప్రేమకు తెలుసు. చర్చి కమిటీ వస్తది. వెనక తలుపుకు కూడ తాళం పడుతది.

ఆమె తలుపు దగ్గరికి లాగి, సందు మొగదలకు తిరిగి వచ్చింది. నలభై మంది ఊపిరి బిగబట్టి నిలబడ్డరు. పిల్లలు తల్లుల కొంగుల వెనక దాక్కున్నరు.

"ఏమున్నది చెల్లె?" విద్యాసాగర్ గుసగుసగ అడిగిండు.

లేదు అని ఒక్క మాట అంటే చాలు. మూడేండ్ల సంది ఆ మాట కోసమే కొట్లాడింది.

"ఉన్నడన్నా," అన్నది ప్రేమ. "మా తాతనే. ఎవ్వరినీ ఇటు రానియ్యకుండ్రి."

అందరు సిలువ గుర్తు వేసుకున్నరు. కోపంతోటి ప్రేమ పెదవులు వణుకుతున్నయి. భయమనుకొని ఒక ముసలమ్మ వచ్చి, తన శాలువ తీసి ఆమె భుజాల మీద కప్పింది.