జల్లెడ పట్టిన పలకరింపు

"ఏం వదినా, మంచమెక్కి నాలుగు రోజులైంది. దిగే ఉద్దేశం లేదా? నీ పప్పుచారు తప్పినందుకు ఇక్కడ నా నాలుక పండగ చేసుకుంటోంది!"

సామర్లకోటలో తన ఇంటి ఛాయాపీఠం మీద కూర్చుని ప్రత్యూష రోజూలాగే దెప్పుతూ ఈ మాటలంది. అదే క్షణాన కాకినాడ ఆసుపత్రి మూడో అంతస్తులో, హిమబిందు మంచం పక్కన ప్రత్యూష ఛాయ నిలబడి ఉంది. తెల్లజుట్టు, కళ్ళజోడు, కాస్త వంగిన నడుము, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. ఎదురుగా ఉన్న గాజుపలకలో ప్రత్యూషకు వదిన ముఖం కనిపిస్తోంది. వదిన ముఖం చిట్లించలేదు. మూతి తిప్పలేదు. హిమబిందు రెండు చేతులూ జోడించింది.

"నీకు నేనేమైనా తక్కువ చేసుంటే మనసులో పెట్టుకోకే, ప్రత్యూషా," అని కళ్ళు మూసుకుంది.

పదిహేను నిమిషాల గడువు ముగిసి పలక నల్లబడింది.

ఆషాఢం మొదలు దీపావళి దాకా ఫ్లూ కాలం. ఆ నాలుగు నెలలూ రోగుల దగ్గరికి బంధువులు రాకూడదన్న నిబంధన తొలిసారి వచ్చినప్పుడు జనం ఆసుపత్రుల ముందు బైఠాయించారు. ఛాయాసందర్శనం వచ్చాక గొడవ సద్దుమణిగింది. తరవాత పెళ్ళి పిలుపులకూ, చావు పరామర్శలకూ కూడా మనిషికి బదులు ఛాయే వెళ్ళడం మర్యాద అయిపోయింది. నలభై ఏళ్ళు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పిన ప్రత్యూష దీని మీద పత్రికలకు ఏడు ఉత్తరాలు రాసింది. ఒకటి అచ్చయింది, అదీ సగం.

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి సిస్టర్ కెజియా ఫోను చేసింది.

"అమ్మా, మీ వదినగారు నిన్నటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడం లేదండి. జ్వరం దిగింది, ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. తినకపోతే మాత్రం మళ్ళీ మొదటికొస్తుందండి, ఆయ్. సెలైన్ పెడితే సూది పీకేస్తున్నారు. చేతి గాజులు తీసి, మీకిచ్చెయ్యమని నా చేతిలో పెట్టారండి."

"ఎందుకట?"

"తన పని అయిపోయిందటండి. ఈ నాలుగు రోజులుగా మీరంటున్న మాటల్ని బట్టే తెలిసిందంటున్నారు."

గంట తిరక్కుండా ప్రత్యూష ఆసుపత్రి కింది అంతస్తులో, సందర్శన అధికారి ధీరజ్ ఎదుట కూర్చుంది. వదినకు చేరిన మాటలేవో వినిపించమంది. అతను ఒక మీట నొక్కాడు. తెరమీద ఆమె ఛాయ, ఆమె గొంతుతోనే, చిరునవ్వు చెదరకుండా పలికింది:

"వదినా, ఎన్నాళ్ళైనా నువ్వు హాయిగా విశ్రాంతి తీసుకో. ఇంటి గురించి దిగులు పెట్టుకోకు. నీ చేతి పప్పుచారు ఎప్పటికీ మరిచిపోలేను."

"ఇవి నా మాటలు కావు," అంది ప్రత్యూష.

"శాంతిజల్లెడ అండి. రోగుల మనసు నొచ్చుకోకుండా కరుకు మాటల్ని మెత్తబరుస్తుంది. ముఖం చిట్లింపులు కూడా తీసేస్తుందండి. అందరూ మెచ్చుకున్నారు."

"మెచ్చుకున్నది రోగులా, ఆరోగ్యవంతులా?"

ధీరజ్ బల్లమీది కాగితాలు సర్దుకున్నాడు.

"వినండి," అంది ఆమె, పాఠం చెప్పే గొంతుతో. "యాభై ఏళ్ళలో ఆవిడ పప్పుచారును నేను ఒక్కనాడూ మెచ్చుకోలేదు. వదినా మరదళ్ళం, దెప్పుకోవడమే మాకు పలకరింపు. మా అన్నయ్యకు ఇక రోజులు లేవని తెలిసినప్పుడు మాత్రం, ఆ సంగతి ఆయనకు చెప్పొద్దని డాక్టర్లు అంటే, వారం రోజులు నేను ఆయనతో సరిగ్గా ఇలా మాట్లాడాను. బాగైపోతుందని డాక్టర్లూ ఆయనతో అన్నారు. మా వదిన పక్కనే కూర్చుని అన్నీ విన్నది. ఇప్పుడు అదే వరస చూసి, అదే అర్థం చేసుకుంది. మీ యంత్రం నా ముఖం తగిలించుకుని ఆవిడకు చావు కబురు చెప్పింది."

అతను తల దించుకున్నాడు. "జల్లెడ మా చేతిలో లేదమ్మా. రాజధానిలో ఉన్న కంపెనీ నడుపుతుంది."

"నన్ను పైకి పంపడం మీ చేతిలోనే ఉంది. నిబంధనల పుస్తకం ముప్ఫై ఒకటో పేజీ. రోగి ఆహారం నిరాకరించినప్పుడు, పరీక్షలో ఫ్లూ లేదని తేలిన ఒక బంధువు మాస్కు, గౌను ధరించి ఇరవై నిమిషాలు స్వయంగా చూడవచ్చు. నిబంధన మీద నాకు కోపం లేదు. ఫ్లూ నిజం. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేయించండి, ఎన్నిసార్లైనా చేతులు కడుగుతాను."

"పదకొండేళ్ళుగా ఆ దరఖాస్తు ఎవరూ అడగలేదండి," అన్నాడు ధీరజ్. కానీ దరఖాస్తు వెతికించాడు, పరీక్షా చేయించాడు. ఆమెకు ఫ్లూ లేదని తేలింది. మూడో అంతస్తులో సందర్శకుల తలుపుకు అడ్డంగా బీరువా పెట్టి ఉంటే ఇద్దరు మనుషులు జరిపారు. గౌను మడతల దగ్గర పసుపురంగు తిరిగి ఉంది.

హిమబిందు తలగడ మీద సగానికి సగం అయిపోయి కనిపించింది. బోసి చేతులు. పక్కన చల్లారిన జావ గిన్నె. దారి పొడుగునా కూడగట్టుకొచ్చిన తిట్లన్నీ ప్రత్యూష మరిచిపోయింది. ఇప్పుడు తన నోట ఒక్క మెత్తని మాట జారితే జల్లెడ చెప్పినదానికి తానే సంతకం పెట్టినట్టవుతుంది.

"ఆ జడ ఎవరు వేశారు వదినా? పీకిన తాటాకు చాపలా ఉంది."

హిమబిందు కళ్ళు తెరిచింది. పాదాల నుంచి మాస్కు దాకా తేరిపార చూసింది. చెయ్యి చాచి గౌను అంచు పట్టుకుని లాగింది. గుడ్డ చేతికి తగిలింది.

"నువ్వేనా? గౌను కూడా తిరగేసి కట్టుకున్నావేమిటే? కాలేజీలో ఎలా నెగ్గుకొచ్చావో!" అని ఒక్క క్షణం ఆగింది. "నిజం చెప్పు. నేను పోతున్నానా?"

"అంత అదృష్టం నాకెక్కడిది? శుక్రవారం ఇంటికి తోలేస్తారట. పప్పుచారు తప్పించుకునే దారి వెతుక్కుంటున్నాను."

"మరి మరిచిపోలేనన్నావు?"

"అన్నది నేను కాదు, యంత్రం. అది నీ పప్పుచారు తిని ఎరగదు."

హిమబిందు పెదవులు వణికాయి. నవ్వో, ఏడుపో తేలకముందే గిన్నె వైపు చెయ్యి చాచింది. ఒక చెంచా మింగింది. "ఉప్పు లేదు."

"నీకు తెలియడం ఇదే మొదటిసారి," అంది ప్రత్యూష, కెజియా తెచ్చిచ్చిన గాజులు ఒక్కొక్కటే ఆమె చేతికి ఎక్కిస్తూ.

గడువు ముగిసింది. తలుపు దగ్గర కెజియా ఆమెను ఆపి గొంతు తగ్గించింది. "ఏడో నంబరు తాతగారు కూడా పొద్దున్నించి తినడం లేదండి. వాళ్ళబ్బాయి ఛాయ 'నాన్నా, పొలం సంగతిలో నువ్వన్నదే రైటు' అందటండి."

"ఆ అబ్బాయి నంబరు ఇవ్వమ్మా," అంది ప్రత్యూష. "ఆ దరఖాస్తులు ఇంకెన్ని ఉన్నాయో కూడా ధీరజ్‌ను చూడమను."

కెజియా లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది. లోపలి నుంచి వదిన గొంతు, బలహీనంగానే అయినా పాత పదునుతో వినిపించింది. "దాని నోటికి అదుపు లేదు తల్లీ, యాభై ఏళ్ళుగా పడుతున్నాను. ఆ జావ ఇంకో గరిటె వెయ్యి."