సుడిపోగు నడుమ తెగదు

1966 నవంబరు 14. ఉదయం ఆరు పది. మంచిర్యాల స్టేషన్‌లో ఢిల్లీ రైలు దిగిన డాక్టర్ కైలాసం చాయ్ తాగాడు. గ్లాసు తిరిగి ఇవ్వకముందే పడిపోయాడు. సూట్‌కేసు మాయమైంది.

ఏడింటికి ఏజెంట్ అంబదాస్‌కు గూఢచార బ్యూరో నుంచి ఫోన్ వచ్చింది.

"విషం," అన్నాడు చీఫ్. "సూట్‌కేసులో విదేశీ ముఠాకు ఏమీ దొరకదు. అసలు కాగితం వారం కిందే మెట్‌పల్లికి, తల్లి చంద్రవ్వకు పంపాడు. వాళ్ళకంటే ముందు తీసుకురా. కోడ్‌వర్డ్: ఎనభై నంబరు నూలు."

"ఏముంది అందులో?"

"హీలియంను మైనస్ రెండు వందల డెబ్బై రెండు డిగ్రీలకు చల్లబరిస్తే రాపిడి లేకుండా పారుతుంది. పాత్రలో పోసి తిప్పితే నీళ్ళలా ఒక్క సుడి కాదు, పోగుల్లాంటి సన్నని సుడులు లేస్తాయి. అన్నిటిదీ ఒకే బలం. సగం సుడి ఉండదు. వేగం పెంచితే సంఖ్య పెరుగుతుంది. పాత్ర ఆపితే ఒక్కొక్కటే గోడకు జరిగి చచ్చిపోతుంది. కొన్ని మాత్రం గోడ గరుకును పట్టుకుని మిగిలిపోతాయి. ఎన్ని, ఎంతసేపు అన్నది కైలాసం కనిపెట్టాడు. దాంతో జలాంతర్గామికి దిక్సూచి చేయవచ్చు."

"తల్లికి కొడుకు సంగతి?"

"చెప్పొద్దు. కాగితం చేతికొచ్చేదాకా."

పన్నెండింటికి అంబదాస్ నూలు వ్యాపారి వేషంలో మెట్‌పల్లిలో జీపు దిగాడు. వీధి పొడవునా మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల పడుగు మోకాలెత్తున బిగించి ఉంది. పోగులకు గంజి పెట్టినవాళ్ళు అన్నానికి పోయారు. పడుగు తాడు ఒక కొస చంద్రవ్వ గడప పక్క గుంజకు కట్టి ఉంది. గడపలో ఆమె రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. అంబదాస్ సాలోళ్ళ వాడలో, నేతగాళ్ళ మధ్య పెరిగినవాడు. వీధి రెండో కొసదాకా నడిచి, పడుగును చుట్టి వచ్చాడు.

"అవ్వా, ఎనభై నంబరు నూలు..."

"గా మాట పొద్దుగాల ఒక పిల్ల గూడ చెప్పింది. నల్లద్దాలు, జారుడు చీర. కైలాసం చేసుకునే పిల్లనట. సాలోళ్ళ బిడ్డనే అన్నది."

తారాబాయి. కైలాసం ల్యాబ్‌లో బ్యూరో పెట్టిన కాపలా మనిషి. ఆమె ముఠాకూ పనిచేస్తోందని బ్యూరోకు తెలియదు. అంబదాస్‌కు ఇప్పుడే తెలిసింది.

"కాగితం ఇచ్చినవా?"

"ఇచ్చిన. దసరకు వచ్చినప్పుడు వాడు తప్పు గీసి పారేసిన బొమ్మ, అసలుది గాదు. వాని చేతిరాత అని దాచుకున్న." ఆమె రాట్నం ఆపలేదు. "మాట ఎవలన్న నేర్సుకుంటరు బిడ్డ. కాళ్ళు నేర్వయి. గా పిల్ల పడుగు దాటింది. సాలోళ్ళ బిడ్డ పడుగు దాటుతదా? నువ్వు సుట్టు తిరిగొచ్చినవు."

బుట్టలోంచి ఒక కండె తీసి నూలు విప్పింది. లోపల కాగితం చుట్టి ఉంది.

"గా బొమ్మల తప్పేందని అడిగిన. పోగు పట్టి చూపెట్టిండు. 'సుడిపోగు నడుమ తెగదవ్వా. గోడదాకన్న పోతది, లేకుంటె కొసకు కొస ముడేసుకుంటది. గిది నడుమ ఆగింది, తప్పు' అన్నడు. ఇయ్యాల వస్తనని జాబు రాసిండు. చాపల కూర వండిన. నువ్వు గూడ తిని పో."

అంబదాస్ కాగితం జేబులో పెట్టుకున్నాడు. చంద్రవ్వ మళ్ళీ రాట్నం తిప్పసాగింది.

"హుషారు ముసల్దానివే," అంది వీధిలోంచి తారాబాయి. చేతిలో పిస్టల్ ఉంది. "ఏడాది ఆయన బల్ల పక్కనే కూసున్న. నడుమ తెగిన గీత నాకు తెల్వదనుకున్నవా? కాగితం తే అంబదాస్. లేకుంటె ముందు ముసల్ది."

"నా కొడుకు రానీ, నీ సంగతి చెప్త," అంది చంద్రవ్వ.

"నీ కొడుకు రాడు. పొద్దున చాయ్ నేనే ఇచ్చిన."

చంద్రవ్వ అంబదాస్ ముఖం చూసింది. అతను తల దించుకున్నాడు.

చంద్రవ్వ చేయి తీశాక రాట్నం మూడు చుట్లు తిరిగి ఆగింది.

తారాబాయి పడుగు దాటడానికి కాలెత్తింది. చంద్రవ్వ గుంజ మీద తాడు ముడి లాగింది. బిగువు పోయిన పడుగు తారాబాయి కాళ్ళకు చుట్టుకుంది. ఆమె పడింది. గుండు ఇంటి కప్పుకు తగిలింది. రెండో గుండు పేలకముందే అంబదాస్ పిస్టల్ లాక్కున్నాడు.

నాలుగున్నరకు మంచిర్యాల స్టేషన్‌లో తారాబాయి కోసం చూస్తున్న ముఠా మనిషి పోలీసులకు దొరికాడు. అతని చేతిలో ఢిల్లీ టికెట్టు ఒక్కటే ఉంది.

ఏడ్చి ఏడ్చి చంద్రవ్వ వీధిలో కూర్చుంది. చిక్కుపడిన పడుగులో ఒక పోగు కొస వెతికి పట్టుకుంది.

"ధోతి అడిగిండు. గీ పడుగు వానికే ఏసిన."

అంబదాస్ ఎదురుగా కూర్చుని రెండో కొస పట్టుకున్నాడు. పోగు తర్వాత పోగు విప్పారు.

వారం తర్వాత బ్యూరో మెమో వచ్చింది. తారాబాయిని పోలీసులకు అప్పగించాక ఏజెంట్ ఐదు గంటలు మెట్‌పల్లిలో ఏం చేశాడు?

అంబదాస్ కింద ఒక్క వాక్యం రాశాడు: "పోగు నడుమ ఆగితే తప్పని డాక్టర్ కైలాసం తేల్చారు, అందుకే చివరిదాకా కూర్చున్నాను."