ఐదు గిగా ఓముల తలుపు

"నీ మరదల్ని పట్టుకురా. ప్రాణాలతో!" అన్నాడు చీఫ్. "దొంగిలించిన రాడార్ ప్లాన్లు ఏ ఓడలో పోతున్నాయో ఆమెకే తెలుసు. చీకటి పడగానే అది కదిలిపోతుంది."

"ఇంతకీ ఆమె మనవైపా, వాళ్ళవైపా సార్?"

"అది ఆమెకైనా తెలుసో లేదో!"

ఏజెంట్ ఎలక్ట్రీషియన్ వేషం వేసుకుని, హార్బర్ ఎదుట ఉన్న ఫ్లాట్ బెల్ కొట్టాడు. సిల్కు గౌనులో అందాల మరదలు తలుపు తెరిచింది.

"కరెంట్ వస్తోందా మేడమ్?"

"వస్తోంది, బల్బే వెలగట్లేదు."

కోడ్ సరిపోయింది. అతను లోపలికి అడుగుపెట్టాడో లేదో తలుపు ఠప్పున మూసుకుంది. సోఫా కింద ఓ ఎర్ర దీపం వెలిగింది. అది చూసి మరదలు కొయ్యబారిపోయింది.

"తలుపు ముట్టుకోకు బావా! ఆ బాంబు నేను కట్టిందే. ఎవరికోసమో అన్నారు. నా ఇంట్లోనే పెట్టారు!"

ఆమెతో బాంబు కట్టించుకున్న ముఠా ఇద్దరినీ ఒకేసారి వదిలించుకోదలచింది. తలుపులకీ కిటికీలకీ వెంట్రుకంత తీగ చుట్టి ఉంది. ఆ తీగ మధ్యలో ఎక్కడో గోడలో ఓ రెసిస్టర్ దాగి ఉంది. తీగ తెగినా, విలువ మారినా బాంబు పేలుతుంది. ఫోన్లకు జామర్. అరిస్తే పక్కింటివాళ్ళొచ్చి తలుపు తోస్తారు, అందరూ కలిసి పైకి పోతారు. కిటికీ అవతల ఓడలు వరసగా నిలబడి ఉన్నాయి.

"తలుపులో ఎంత రెసిస్టెన్స్ ఉంది?"

"ఐదు గిగా ఓములు, అంటే ఐదు వేల మెగా ఓములు. అంతే విలువున్న రెసిస్టర్ గొట్టాన్ని బాంబుకి తగిలించి, తలుపు తీగ పీకెయ్యాలి. అది నిదానంగా ఆలోచించే బాంబు. కాస్త ఆలస్యం ఓర్చుకుంటుంది."

ఆమె సొరుగులో రెండు గాజు గొట్టాలున్నాయి. వాటిమీది అంకెలు ముఠా ముందే గీకేసింది. ఏజెంట్ మల్టీమీటర్ ఇరవై మెగా ఓములు దాటితే చేతులెత్తేస్తుంది.

కానీ వోల్టులు కొలిచేటప్పుడు ఆ మీటరే పది మెగా ఓముల రెసిస్టర్. ఆ సంగతి అతను ఏనాడో వంటబట్టించుకున్నాడు. ఆమె ట్రాన్స్‌మిటర్ బ్యాటరీలు పది, ఒకదానికొకటి గుచ్చితే తొంభై వోల్టులయ్యాయి. వాటికి వరసలో గొట్టం, ఆ తర్వాత మీటర్. గొట్టం ఐదు గిగా ఓములదైతే మీటర్ నూట ఎనభై మిల్లీవోల్టులు చూపాలి.

మరదలు ఒక గొట్టం అందించింది. మీటర్ సరిగ్గా నూట ఎనభై చూపింది.

"ఇదే బావా! తొందరగా తగిలించు!"

అతని చెయ్యి బాంబు దాకా వెళ్ళి ఆగింది. గొట్టం మీద ఏదో ఘుమఘుమ. హ్యాండ్ క్రీమ్! నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచి, ఆరనిచ్చి, కొసలు మాత్రమే క్లిప్పులతో పట్టి మళ్ళీ కొలిచాడు. తొంభై!

"ఇది పది గిగా ఓములది. ఇందాక కరెంటు సగం నీ క్రీమ్ మీదుగా పాకింది. నన్ను పేల్చేద్దామనేనా?"

"నేనూ ఇందులోనే ఉన్నాను కదా! భయమేస్తే క్రీమ్ రాసుకుంటాను, నాకదో పిచ్చి."

రెండో గొట్టాన్నీ తుడిచి కొలిచాడు. నూట ఎనభై. అయినా అనుమానం పీడిస్తూనే ఉంది. అసలు తలుపు ఐదుదేనా? ఆ మాట చెప్పింది రెండు దేశాలకూ అబద్ధాలమ్మిన మనిషి. కిటికీలో వెలుగు తగ్గింది. రేవులో ఓడ కూత వేసింది. అతనికి నిజంగానే భయం వేసింది.

"నిజం చెప్పు. ఐదా, పదా?"

"ఐదే. అక్క మీద ఒట్టు."

ఇంట్లో అల్లం బెల్లం తెలియని రోజుల్నుంచీ ఆమె అక్కమీద దొంగ ఒట్టు వేసి ఎరగదని అతని భార్య చెప్పేది. అతను గొట్టం తగిలించి, తలుపు తీగ పీకేశాడు. ఎర్ర దీపం మిణుకుమంది. దీపం నిలకడగా వెలిగింది.

మెట్ల మీద సిగ్నల్ దొరకగానే ఆమె ఓడ పేరు చెప్పింది. లంగరు పైకి లేస్తుండగా కోస్ట్‌గార్డ్ దాన్ని ఆపింది. బాంబు స్క్వాడ్ ఫ్లాట్‌లోకి వెళ్ళింది.

జీపులో బేడీలు వేస్తుంటే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇకమీదట ఏ ముఠాకీ పనిచెయ్యను బావా. ఒట్టు."

"ఎవరి మీద?"

ఆమె 'అక్క' అనబోయి నాలుక కరుచుకుంది.

"నీ మీద."

ఏజెంట్ బేడీలను ఇంకో నొక్కు బిగించాడు.