ఆమె అడ్డం పెట్టిన కాలు

"తోడు వచ్చినవాళ్ళు బయట కూర్చోవాలండీ," అంది ఆమె, నా వంక సరిగ్గా చూడకుండానే.

అదీ మా మొదటి పలకరింపు. మంగళవారం పదింటికి కమ్యూనిటీ హాల్లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి ఎక్సర్‌సైజ్ క్లాసు. ఆమె టీచరు. నేను టైలర్ని, అప్పటికి నా వయసు ముప్పై మూడేళ్ళు. జబ్బు నాదే. మిగతా పదకొండు మందీ అరవై దాటినవాళ్ళు కావడంతో నేను ఎవరికో తోడు వచ్చాననుకుంది.

ఒళ్ళు మండింది. నోరు తెరిచి చెప్పొచ్చు కదా? చెప్పలేదు. పౌరుషంగా వెళ్ళి బయట బెంచీ మీద గంటసేపు కూర్చున్నాను.

క్లాసు అయ్యాక ఆమే వచ్చింది. "అందరూ వెళ్ళిపోయారు. మీ పెద్దాయన ఏరండీ?"

"ఆ పెద్దాయన్నే బయట కూర్చోబెట్టారు మీరు," అంటూ వణుకుతున్న ఎడమ చెయ్యి చూపించాను.

"అయ్యో, సారీ అండీ! అంత కోపంగా చూడకండి ప్లీజ్."

"కోపం కాదు, నవ్వుతున్నాను. జబ్బు వచ్చాక నా ముఖం ఇంతే. లోపల నవ్వితే పైకి రాదు."

"అయితే నవ్వినప్పుడల్లా చెప్పండి."

ఆ తర్వాతి వారం నుంచి "నవ్వాను టీచర్" అని హాజరు పలికినట్టు చెప్పడం నా పనైపోయింది.

మా జబ్బులో ఒక తమాషా ఉంది. నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గరికి రాగానే కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. ఎంత తన్నుకున్నా కదలవు. ఎదురుగా ఎవరైనా కాలు అడ్డం పెడితే, దాన్ని దాటడానికి మాత్రం టక్కున లేస్తాయి. ఎందుకో నన్నడగొద్దు. క్లాసులో ఎవరు ఆగిపోయినా టీచరు పరిగెత్తుకొచ్చి తన కాలు అడ్డం పెట్టేది. ఆకుపచ్చ పట్టీల చెప్పులు. ఆమె పాదం పొడవు నాకు కంటికొలతతోనే తెలిసిపోయింది, వృత్తి అలాంటిది.

మాతోపాటు ఒక రిటైర్డ్ బస్ కండక్టర్ ఉండేవాడు. అందరం బాబాయ్ అనేవాళ్ళం. ఆయన "రైట్ రైట్!" అని అరిస్తే క్లాసు మొత్తం కదిలేది. నన్ను మాత్రం వదిలేవాడు కాదు.

"ఏరా, గుమ్మం లేనిచోట కూడా ఆగుతున్నావే? టీచరమ్మ దగ్గర్లో ఉన్నప్పుడే ఆగుతాయా నీ కాళ్ళు?"

హాలంతా గొల్లుమంది. నిజం చెప్పాలంటే అలా ఆగినవాటిలో రెండు మూడు దొంగవే. ఆమెకీ తెలుసు. తెలిసే కాలు పెట్టేది.

ఒక మంగళవారం వాన తగ్గేదాకా వరండాలో నిలబడ్డాం. ఆమె వాన వంకే చూస్తూ చెప్పింది. "మన సంగతి అమ్మకి చెప్పాను. అతని చేతులు ఎన్నాళ్ళు పనిచేస్తాయే అంది. బట్టలు కుట్టించుకోవడానికి కాదమ్మా చేసుకునేది అన్నాను."

"నవ్వాను," అన్నాను.

ఆ నెలాఖరులో బాబాయ్ క్లాసుకి రావడం మానేశాడు. పిన్ని ఆయన చొక్కాలు సంచీలో వేసుకుని నా షాపుకొచ్చింది.

"నాలుగంగుళాలు లోపలికి పట్టు నాయనా. గుండీలు తీసేసి అంటుకునే పట్టీలు వెయ్యి. ఆయన పెట్టుకోలేడు, నా చూపా ఆనడం లేదు."

"బాబాయ్ ఎలా ఉన్నాడు పిన్నీ?"

"నన్ను వాళ్ళమ్మ అనుకుంటున్నాడు," అంది. కళ్ళు తుడుచుకోలేదు కూడా. నడుం పట్టుకుని, గోడ ఆసరాతో లేచి వెళ్ళిపోయింది.

ఏడాది కిందట ఆయన కొలతలు తీసింది నేనే. పుస్తకంలో ఉన్నాయి. ఆ చొక్కాలు కుడుతుంటే వాటి స్థానంలో నా చొక్కాలు, పిన్ని స్థానంలో టీచరు కనిపించింది. మిషను మీద తల పెట్టి ఏడ్చాను.

ఆ తర్వాతి మంగళవారం క్లాసయ్యాక ఆమెకో పొట్లం ఇచ్చాను. నేను కుట్టిన డ్రెస్. అంచు కుట్టు వంకర పోయింది.

"ఇదే ఆఖరిది. ఇక కత్తెర పట్టలేను. ఇక్కడికీ రాను. నువ్వు ఇంకెవరినైనా చేసుకో," అన్నాను.

నేను వెనక్కి తిరిగి గబగబా నడిచాను. గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

వెనక నుంచి ఆశగా వినిపించింది. "దొంగదా?"

"కాదు. కాలు పెట్టు."

"పెడితే వెళ్ళిపోతావు."

"పెట్టకపోతే నిలబడిపోతాను. కాళ్ళు రాక నిలబడ్డవాణ్ణి ఏం చేసుకుంటావు?"

కాసేపటికి ఆకుపచ్చ పట్టీల చెప్పు నా ముందుకొచ్చింది. ఆ పాదం మీద కన్నీటి చుక్కలు పడుతున్నాయి. నేను దాటేశాను.

నాలుగడుగులు వేశాను. రోడ్డు ఖాళీగా ఉంది, కాళ్ళు బాగానే ఉన్నాయి. నన్ను ఆపడానికి ఆమె చేయాల్సిందల్లా ఊరికే నిలబడటం. అది కూడా చేయలేదు, ఏడుస్తూ దారిచ్చింది. ఇలాంటి మనిషిని వదిలి ఎక్కడికి పోతాను?

వెనక్కి తిరిగాను. అదే గుమ్మం, మళ్ళీ ఆగిపోయాను. ఆమె లోపల నిలబడి చూస్తోంది.

"ఇటువైపుకి నేను పెట్టను. రావాలనుంటే నువ్వే రావాలి," అంది.

చెమటలు పట్టాయి. ఎంతసేపైందో తెలియదు. చివరికి బాబాయ్‌ని తలుచుకుని "రైట్ రైట్" అని గట్టిగా అరిచాను. కాలు లేచింది.

ఇది తొమ్మిదేళ్ళ కిందటి సంగతి. బాబాయ్ ఆ వానాకాలం దాటలేదు. నా షాపు ఇప్పుడు వేరేవాళ్ళది. నేను చెబుతుంటే ఈ కథ రాసింది కూడా ఆమే. మా ఇంట్లో ఐదు గుమ్మాలు. రోజుకి ఎన్నిసార్లు కాలు అడ్డం పెడుతుందో లెక్కలేదు. మడమ నొప్పని ఈమధ్య రాత్రిళ్ళు తైలం రాసుకుంటోంది. ఈ మాట రాసేదాకా, నాకు కనబడకుండా రాసుకుంటున్నాననుకుంది.

పెట్టినప్పుడల్లా అడుగుతుంది. "వెళ్ళడానికా, రావడానికా?"

"రావడానికే," అంటాను. నా గొంతు ఇప్పుడు సరిగ్గా వినిపించదు. నా నోటి దగ్గర చెవి పెట్టి, మళ్ళీ చెప్పమంటుంది.